బొగ్గు బాట వీడని సిమెంటు కొలిములు

* పరిజ్ఞానం ఉన్నా పెట్టుబడికి వెనుకంజ
* పొలాల్లోనే బుగ్గి అవుతున్న పత్తికట్టె
* భారం ఎవరు మోయాలన్నదే తేలని ప్రశ్న

ఉట్నూర్‌: పత్తి ఏరివేత ముగిసిందంటే ఉట్నూర్‌, ఇంద్రవెల్లి, నార్నూర్‌ మండలాల్లో రైతులు పత్తికట్టెను పీకి కుప్పలు వేసి నిప్పంటించడం ఏటా జరిగేదే. అదే రోజుల్లో ఇక్కడికి తూర్పున మంచిర్యాల జిల్లా దేవాపూర్‌లోనూ, గోదావరి దాటాక పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లోనూ సిమెంటు కర్మాగారాలు రేయింబవళ్లు బొగ్గును మండిస్తూనే ఉంటాయి. ఒకచోట మంట వృథా, మరోచోట అదే మంట అవసరం. ఈ రెండింటినీ కలిపే పరిజ్ఞానం ఇప్పుడు పుట్టింది కాదు. అయినా అది ఈ ప్రాంతంలో వేళ్లూనుకోలేదు. దీని వెనుక ఉన్న కారణాలను పరిశీలిస్తే, కాలుష్యం తగ్గించే సాంకేతికత భారీ పరిశ్రమల గడప దగ్గరే ఎందుకు ఆగిపోతున్నదో బోధపడుతుంది.

ప్రపంచంలో మానవ కార్యకలాపాల వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో దాదాపు 7 శాతం సిమెంటు పరిశ్రమదే. చైనా తర్వాత అత్యధికంగా సిమెంటు తయారుచేసే దేశం మనదే. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో సదస్సులో భారత్‌ ప్రకటించింది. ఆ హామీకి కొనసాగింపుగా కేంద్రం 2023లో కార్బన్‌ క్రెడిట్‌ వ్యాపార పథకాన్ని నోటిఫై చేసింది. 2025 అక్టోబరులో సిమెంటు, కాగితం, అల్యూమినియం, క్లోర్‌ ఆల్కలీ రంగాల్లోని 282 కర్మాగారాలకు ఉద్గార లక్ష్యాలను నిర్ణయించింది. ఇందులో 186 సిమెంటు కర్మాగారాలే. టన్ను ఉత్పత్తికి ఇంత మించి వాయువు వదలరాదన్నది ఈ నిబంధనల సారం. లక్ష్యం అందుకోలేనివారు క్రెడిట్లు కొనుక్కోవాలి. కొనకపోతే వాటి సగటు ధరకు రెండు రెట్లు పర్యావరణ పరిహారం చెల్లించాలి. ఉమ్మడి ఆదిలాబాద్‌, కరీంనగర్‌ జిల్లాల పరిశ్రమలకు ఇది ఇకపై పర్యావరణ దినోత్సవం నాటి ప్రసంగాంశం కాదు, జమాఖర్చుల్లో తేలాల్సిన వ్యవహారం.

సున్నపురాయిలోనే చిక్కు

సిమెంటు తయారీలో వెలువడే వాయువంతా బొగ్గు నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. వాస్తవం వేరు. సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చితే క్లింకర్‌ అనే గట్టి గడ్డలు తయారవుతాయి. వాటిని జిప్సంతో కలిపి పొడిచేస్తే సిమెంటు. ఈ వేడికి సున్నపురాయి విడిపోయి, అందులో దాగి ఉన్న బొగ్గుపులుసు వాయువు బయటపడుతుంది. మొత్తం ఉద్గారాల్లో ఇదే దాదాపు 60 శాతం. మిగిలిందే ఇంధనం వాటా. అంటే బొగ్గును పూర్తిగా మానేసినా సగానికి పైగా సమస్య అలాగే ఉంటుంది.

విద్యుత్తు రంగానికి, ఈ రంగానికి ఉన్న తేడా ఇక్కడే ఉంది. బొగ్గు కరెంటుకు బదులు సౌర విద్యుత్తు తెచ్చుకోవచ్చు. సున్నపురాయికి బదులు మరొకటి తేవడం అంత తేలిక కాదు. టన్ను క్లింకర్‌కు సుమారు 800 కిలోలకు పైగా వాయువు వెలువడుతుందని లెక్క. ఆ ప్రకారం 50 కిలోల సాధారణ ఓపీసీ సిమెంటు బస్తా వెనుక దాదాపు 40 కిలోల వాయువు ఉన్నట్లే.

వెలువడిన వాయువును గొట్టం దగ్గరే పట్టి భూగర్భంలో నిల్వచేసే పద్ధతి ఒకటుంది. నార్వేలోని బ్రెవిక్‌ సిమెంటు కర్మాగారంలో ఏడాదికి 4 లక్షల టన్నుల వాయువును పట్టే యూనిట్‌ 2025 జూన్‌లో ప్రారంభమైంది. అక్కడి ప్రభుత్వం భారీగా ఆర్థిక సాయం చేస్తేనే అది సాధ్యమైంది. పట్టిన వాయువును ఓడల్లో తరలించి సముద్రగర్భంలోకి పంపే ఏర్పాటు కూడా ప్రభుత్వ చొరవతోనే జరిగింది. మన దేశంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2025 మేలో సిమెంటు రంగంలో ఐదు ప్రయోగ కేంద్రాలను ప్రకటించింది. ఇవి ప్రయోగ దశలోనివే. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ జిల్లాలకు ఆ సాంకేతికత దరిచేరడానికి చాలా కాలం పడుతుంది. కనుక ప్రస్తుతం చేతికి అందేవి మూడే మార్గాలు. క్లింకర్‌ వాటా తగ్గించడం, బొగ్గుకు బదులు వేరే ఇంధనం వాడటం, వృథా వేడితో కరెంటు తయారుచేయడం. ఈ మూడూ తెలిసినవే. మూడింటికీ అడ్డంకులు ఉన్నాయి.

చేతులు మారిన కర్మాగారాలు

బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు కర్మాగారం 1969లో ఉత్పత్తి ప్రారంభించింది. దేవాపూర్‌లో ఓరియంట్‌ సిమెంటు 1982 నాటిది. మంచిర్యాలలో ఏసీసీ పేరుతో వెలసిన కర్మాగారం ఇంకా పాతది. ఈ యూనిట్లలో కాలానుగుణంగా మార్పులు, విస్తరణలు జరిగినా మౌలిక రూపకల్పన పాత తరానిదే. సిమెంటు కొలిమి ఒకసారి కట్టితే 30, 40 ఏళ్లు పనిచేస్తుంది. పెట్టిన పెట్టుబడి తిరిగి రాకముందే దాన్ని మార్చమంటే ఏ యాజమాన్యమూ ముందుకు రాదు. ఉత్పత్తి ఆపి యంత్రాలు మార్చే రోజుల్లో జరిగే నష్టం దీనికి అదనం.

ఇటీవలి కాలంలో యాజమాన్యాలే మారాయి. కేశోరాం సిమెంటు వ్యాపారం 2025 మార్చిలో అల్ట్రాటెక్‌లో విలీనమైంది. ఓరియంట్‌ సిమెంటును అదానీ గ్రూపునకు చెందిన అంబుజా సిమెంట్స్‌ కొనుగోలు చేసే ప్రక్రియ అదే ఏడాది ఏప్రిల్‌లో పూర్తయింది. దేశంలోని రెండు అతిపెద్ద సిమెంటు సంస్థల చేతుల్లోకి ఈ ప్రాంతపు కొలిములు వెళ్లాయన్నమాట. రెండు సంస్థలూ 2050 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు చేరుస్తామని ప్రకటించినవే. పెద్ద సంస్థలకు పెట్టుబడి సత్తా ఉంటుంది కనుక ఇది మంచి పరిణామమే అనుకోవచ్చు. అయితే దేశమంతటా పదుల సంఖ్యలో కర్మాగారాలు ఉన్న సంస్థ తన డబ్బును తొలుత ఎక్కడ వెచ్చిస్తుందన్నదే ప్రశ్న. కొత్త, పెద్ద కొలిమికి జోడించే పరికరానికి రాబడి త్వరగా వస్తుంది. పాత, చిన్న కొలిమికి అంత రాదు. ముంబయి, అహ్మదాబాద్‌లలో కూర్చుని వేసే ఆ లెక్కల్లో దేవాపూర్‌, బసంత్‌నగర్‌ల వంతు ఎప్పుడొస్తుందో స్థానికులకు తెలిసే వీలు లేదు.

చవక బొగ్గు.. లేని ఒత్తిడి

రెండో అడ్డంకి గడపలోనే ఉన్న బొగ్గు. దేవాపూర్‌ ఉన్న కాసిపేట మండలంలోనే సింగరేణి గని ఉంది. మందమర్రి, శ్రీరాంపూర్‌, రామగుండం గనులు చుట్టుపక్కలే. రవాణా దూరం తక్కువైన ఇంధనాన్ని కాదని మరొకదాని వెంట పడాలంటే బలమైన కారణం కావాలి. పన్నుల విధానం ఆ కారణాన్ని చూపడం లేదు. 2010లో టన్ను బొగ్గుపై 50 రూపాయలతో మొదలైన స్వచ్ఛ ఇంధన సెస్సు 2016 నాటికి 400 రూపాయలకు చేరింది. మరుసటి ఏడాది జీఎస్టీ రాకతో అది పరిహార సెస్సుగా మారింది. 2025 సెప్టెంబరులో దాన్ని ఎత్తివేసి బొగ్గుపై జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. చూడటానికి ఇది పెంపే. కానీ తక్కువ ధర పలికే నాసిరకం బొగ్గుపై 400 రూపాయల సెస్సే పెద్ద భారంగా ఉండేది. పైగా కట్టిన జీఎస్టీని సిమెంటు కంపెనీ తాను చెల్లించే పన్నులో మినహాయించుకోవచ్చు. మొత్తంమీద బొగ్గు మునుపటికంటే చవకైంది.

బయటి ఒత్తిడీ లేదు. యూరప్‌ దేశాలు 2026 జనవరి నుంచి దిగుమతి చేసుకునే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులపై కార్బన్‌ సుంకాన్ని అమల్లోకి తెచ్చాయి. అక్కడికి ఉక్కు ఎగుమతి చేసేవారు అందుకే ఆందోళన చెందుతున్నారు. బరువెక్కువ, ధర తక్కువ సరుకైన ఇక్కడి సిమెంటు తెలంగాణ, మహారాష్ట్ర వంటి చేరువ మార్కెట్లలోనే అమ్ముడుపోతుంది. ఆ సుంకం సెగ దీనికి తగలదు. మిగిలింది మన ప్రభుత్వం పెట్టిన లక్ష్యాలే. మొదటి రెండేళ్ల తగ్గింపు సగటున కొద్ది శాతానికే పరిమితం కావడంతో చిన్నచిన్న సర్దుబాట్లతోనే గట్టెక్కవచ్చన్న ధీమా పరిశ్రమలో కనిపిస్తోంది.

బూడిద ఉంది.. నమ్మకం లేదు

క్లింకర్‌ తగ్గించడంలో ఈ ప్రాంతానికి ప్రకృతి కాకపోయినా పరిశ్రమ ఇచ్చిన వరం ఒకటుంది. అది రామగుండం ఎన్టీపీసీ, జైపూర్‌ సింగరేణి థర్మల్‌ కేంద్రాల నుంచి వచ్చే బూడిద. పీపీసీ సిమెంటులో 35 శాతం వరకు ఫ్లైయాష్‌ కలపడానికి భారతీయ ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. ఆ మేరకు క్లింకర్‌ తగ్గితే బస్తాకు 40 కిలోలుగా ఉన్న ఉద్గారం 30 కిలోల లోపునకు దిగుతుంది. కొత్త యంత్రాల అవసరమూ అంతగా లేదు.

ఇక్కడ అడ్డుపడుతున్నది యంత్రం కాదు, మార్కెట్‌. స్లాబు వేయాలంటే 53 గ్రేడ్‌ ఓపీసీయే కావాలని పట్టుబట్టే మేస్త్రీలు, గుత్తేదారులు పల్లెల్లోనూ ఉన్నారు. పీపీసీ మొదటి వారంలో కాస్త నెమ్మదిగా గట్టిపడుతుంది. సెంట్రింగ్‌ త్వరగా విప్పి తర్వాతి పనికి తరలించాలనుకునే వారికి అది నష్టంగా తోస్తుంది. సరిగా నీళ్లు పట్టి క్యూరింగ్‌ చేస్తే కాలక్రమంలో దాని బలానికి ఢోకా ఉండదు. ఎండలు మండే ఈ ప్రాంతంలో, నీటి ఎద్దడి ఉన్న గూడేల్లో క్యూరింగ్‌ సరిగా జరగకపోవడమే అసలు లోపం. ఆ లోపాన్ని సిమెంటుపైకి నెడుతున్నారు.

దీనికంటే ఒక అడుగు ముందున్నది ఎల్‌సీ3 సిమెంటు. క్లింకర్‌ 50 శాతం, కాల్చిన బంకమట్టి 30 శాతం, పచ్చి సున్నపురాయి పొడి 15 శాతం, జిప్సం 5 శాతంగా దీన్ని తయారుచేస్తారు. స్విట్జర్లాండ్‌, క్యూబా శాస్త్రవేత్తలతో కలిసి ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు దీనిపై పరిశోధనలు చేశాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో దీనికి ఐఎస్‌ 18189 ప్రమాణం ఖరారు చేసింది. మట్టిని కాల్చడానికి 800 డిగ్రీల ప్రాంతపు వేడి చాలు. అయితే ప్రతి మట్టీ ఇందుకు పనికిరాదు. చీనామట్టిలో ఉండే కయోలినైట్‌ ఖనిజం తగుపాళ్లలో ఉండాలి. ఆదిలాబాద్‌లో పత్తికి ప్రాణం పోసే నల్లరేగడిలో ఉండేది మాంట్‌మోరిల్లోనైట్‌ అనే వేరే ఖనిజం. తగిన మట్టి ఎంత దూరం నుంచి తేవాలి, దాన్ని కాల్చే కొలిమికి ఎంతవుతుంది అన్నది తేలకుండా ఏ యాజమాన్యమూ ముందడుగు వేయదు.

పత్తికట్టెకు దారేదీ?

రెండో మార్గం ఇంధనం మార్పు. ఏజెన్సీ రైతుకు నేరుగా సంబంధం ఉన్నది ఇక్కడే. సిమెంటు కొలిమిలో వేడి ఎక్కువ కనుక కట్టె, పొట్టు, పట్టణాల పొడి చెత్త వంటి వాటిని సురక్షితంగా కాల్చవచ్చు. యూరప్‌ సిమెంటు కర్మాగారాలు సగానికి పైగా వేడిని ఇటువంటి ఇంధనాల నుంచే పొందుతున్నాయి. మన దేశంలో ఇది పది శాతానికి కూడా చేరలేదు.

ఎండిన పత్తికట్టెలో కిలోకు సుమారు 3500 కిలో కేలరీల వేడి ఉంటుంది. నాసిరకం బొగ్గుకు ఇది మరీ తీసిపోదు. ఏడాదికి 20 లక్షల టన్నుల క్లింకర్‌ తయారుచేసే కర్మాగారం పది శాతం వేడిని పత్తికట్టె నుంచి పొందాలనుకుంటే దాదాపు 40 వేల టన్నులు కావాలి. ఎకరాకు టన్ను చొప్పున వేసుకున్నా 40 వేల ఎకరాల పంట. లక్షల ఎకరాల్లో పత్తి సాగయ్యే ఆదిలాబాద్‌ ప్రాంతానికి ఇది అందని అంకె కాదు.

మరి చిక్కు ఎక్కడ? మొదటిది బరువు. ట్రాలీ నిండా పేర్చినా పత్తికట్టె టన్నుల్లో తూగదు. డీజిలు ఖర్చు రాకముందే దూరం భారమవుతుంది. పొలం దగ్గరే ముక్కలు చేసి, చేరువలో గుళికలుగా అంటే పెల్లెట్లుగా ఒత్తితే తప్ప గిట్టుబాటు కాదు. రెండోది కాలం. పత్తికట్టె దొరికేది రెండు, మూడు నెలలే. కొలిమి నడిచేది ఏడాదంతా. వానకు తడవకుండా నిల్వచేసే చోటు కావాలి. మూడోది దారి. ఉట్నూర్‌ నుంచి జన్నారం మీదుగా మంచిర్యాల వెళ్లే రహదారి 2012లో ఏర్పడిన కవ్వాల్‌ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. భారీ వాహనాలపై అటవీ శాఖ విధించిన ఆంక్షలు ఏళ్ల తరబడి వివాదాస్పదంగా ఉన్నాయి. నాలుగోది రసాయనం. వ్యవసాయ వ్యర్థాల్లోని క్షారాలు, క్లోరిన్‌ కొలిమి పైభాగంలో పేరుకుని మార్గం మూసుకుపోయేలా చేస్తాయి. దీన్ని అదుపు చేసే ఏర్పాట్లకు ఖర్చు తప్పదు.

వీటన్నింటికీ మించి ధర విషయంలో భరోసా లేదు. కట్టె పీకి, కోసి, మోసుకొచ్చే కూలి గిట్టకపోతే అగ్గిపుల్ల గీయడమే రైతుకు చౌక. గులాబీ పురుగు మరుసటి ఏడాదికి మిగలకుండా పంట ముగియగానే కట్టెను తొలగించాలని వ్యవసాయ శాఖే చెబుతోంది. తొలగించినదాన్ని కొనేవారు ఎవరన్నది మాత్రం ఎవరూ చెప్పడం లేదు. థర్మల్‌ విద్యుత్‌ కేంద్రాలు బొగ్గుతోపాటు 5 శాతం పెల్లెట్లు కాల్చాలని కేంద్రం 2021లో విధాన ప్రకటన చేసింది. ఆచరణ ఆ అంకెకు చాలా దూరంలో ఉంది. పెల్లెట్లు లేవని కర్మాగారాలు, కొనుగోలు ఒప్పందం లేదని పెల్లెట్ల తయారీదారులు, ధర లేదని రైతులు అంటున్నారు. ముగ్గురి మాటా నిజమే. ముందు కదలాల్సింది ఎవరన్నదే తేలడం లేదు.

రామగుండం నేర్పిన పాఠం

ఇంధనం మార్చాలంటే కర్మాగారం ఒక్కటే మారితే చాలదని రామగుండం అనుభవం చెబుతోంది. 1980లో బొగ్గు ఆధారిత సాంకేతికతతో ఇక్కడ మొదలైన ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం సాంకేతిక సమస్యలు, విద్యుత్తు అంతరాయాలు, నష్టాలతో సతమతమై 1999లో మూతపడింది. అదే స్థలంలో సహజ వాయువుతో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్‌ 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా దీని సామర్థ్యం. ఆంధ్రప్రదేశ్‌ నుంచి దాదాపు 360 కిలోమీటర్ల గ్యాస్‌ పైపులైను వేస్తేనే ఇది సాధ్యమైంది. మధ్యలో రెండు దశాబ్దాలకు పైగా గడిచిపోయాయి. కొత్త కర్మాగారం కూడా 2025 వానాకాలంలో సాంకేతిక లోపాలతో పలుమార్లు ఆగడం, రాష్ట్రంలో యూరియా కోసం రైతులు బారులు తీరడం తెలిసిందే. కొత్త సాంకేతికత అంటే యాజమాన్యాలు జంకడానికి ఇటువంటి అనుభవాలూ కారణమే. పైపులైను, నిపుణులు, విడిభాగాలు, మరమ్మతుల ఏర్పాట్లు అన్నీ కలిసొస్తేనే మార్పు నిలుస్తుంది.

మూతపడితే తెరుచుకోవడం కష్టమే

ఈ వ్యవహారంలో జిల్లా ప్రజలకు పణంగా ఉన్నది ఉపాధి. ఆదిలాబాద్‌ శివారులో ఏడాదికి 4 లక్షల టన్నుల సామర్థ్యంతో నెలకొల్పిన ప్రభుత్వ రంగ సీసీఐ కర్మాగారంలో 1990ల చివర ఉత్పత్తి ఆగింది. దాని మూతకు కారణం ఉద్గారాలు కావు. నష్టాలు, నిర్వహణకు పెట్టుబడి కొరవడటం దాన్ని కుంగదీశాయి. పునరుద్ధరిస్తామన్న హామీలు ఎన్నికల వేళ ఎన్నోసార్లు వినిపించాయి. యంత్రాలను తుక్కు కింద అమ్మే ప్రయత్నాలపై 2025లోనూ నిరసనలు తలెత్తాయి. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్‌ పేపరు మిల్లు 2014లో మూతపడి 2018లో జేకే పేపర్‌ చేతుల్లో తిరిగి తెరుచుకుంది. అలా తెరుచుకోవడం అరుదు. ఆ నాలుగేళ్లలో కార్మిక కుటుంబాలు పడిన ఇక్కట్లు పట్టణం మరచిపోలేదు.

కాలానికి తగ్గట్టు మారని కర్మాగారం మీద క్రెడిట్ల కొనుగోలు భారం ఏటేటా పెరుగుతుంది. పోటీలో వెనుకబడితే మొదట వేటు పడేది కాంట్రాక్టు కార్మికులపైనే. మరోవైపు బొగ్గు వాడకం తగ్గితే సుమారు 40 వేల మంది పనిచేస్తున్న సింగరేణిపై ప్రభావం ఉంటుంది. థర్మల్‌ కేంద్రాలు తగ్గితే సిమెంటులో కలిపే బూడిదా తగ్గుతుంది. ఒక ముడి విప్పితే మరో ముడి బిగుసుకునే పరిస్థితి ఇది. అందుకే కార్మిక సంఘాలు కూడా ఈ అంశాన్ని పర్యావరణవాదుల గొడవగా కొట్టిపారేయకుండా వేతన ఒప్పందాల చర్చల్లో చోటు కల్పించాల్సిన అవసరం ఉంది.

చేయదగినవి లేకపోలేదు

కోట్ల రూపాయల పరికరాల కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టగల పనులు కొన్ని ఉన్నాయి. రాష్ట్రంలో అతిపెద్ద సిమెంటు కొనుగోలుదారుల్లో ప్రభుత్వం ఒకటి. ఇంటికి 5 లక్షల రూపాయల సాయంతో సాగుతున్న ఇందిరమ్మ ఇళ్లు, పాఠశాల భవనాలు, పంచాయతీ పనుల్లో అవసరం లేనిచోట ఓపీసీకి బదులు మిశ్రమ సిమెంటును అంచనాల్లోనే చేర్చితే గిరాకీ దానంతట అదే పుడుతుంది. మేస్త్రీలకు క్యూరింగ్‌పై శిక్షణ ఇవ్వడానికి పెద్ద నిధులు అక్కరలేదు.

పత్తికట్టె విషయంలో ఉట్నూర్‌ ఐటీడీఏ చొరవ చూపవచ్చు. మహిళా సంఘాలు, వన్‌ధన్‌ వికాస కేంద్రాల ద్వారా మండలానికొక ముక్కలు చేసే యంత్రం, రెండు మూడు మండలాలకు ఒక పెల్లెట్‌ యూనిట్‌ ఏర్పాటైతే యువతకు ఉపాధి లభిస్తుంది. ఇందుకు ముందస్తు షరతు ఒక్కటే. కర్మాగారాలు కనీసం ఐదేళ్లకు ధర, పరిమాణం ఖరారు చేస్తూ ఒప్పందం రాసివ్వాలి. ఆ ఒప్పందం ఉంటేనే బ్యాంకులు అప్పు ఇస్తాయి. పొలంలో భూసారం కోసం కొంత కట్టెను కలియదున్నాలన్న శాస్త్రవేత్తల సూచననూ పక్కన పెట్టరాదు. ఉన్నదంతా కొలిమికే పంపితే నష్టపోయేది నేలే.

వృథా వేడితో విద్యుత్తు తయారుచేసే యూనిట్లు సిమెంటు కర్మాగారపు కరెంటు అవసరాల్లో 20 నుంచి 30 శాతం వరకు తీర్చగలవు. పాత కొలిములకు వీటిని అమర్చుకునే యాజమాన్యాలకు తక్కువ వడ్డీ రుణం ఇచ్చి, బదులుగా స్థానికుల ఉద్యోగాలకు హామీ తీసుకుంటే ఉభయతారకంగా ఉంటుంది. ఏజెన్సీలోని ఐటీఐ విద్యార్థులకు ఈ యంత్రాలపై శిక్షణ ఇప్పించడం ఆ హామీలో భాగం కావాలి.

పరిజ్ఞానం విదేశాల నుంచి దిగుమతి కావాలేమో గానీ, దాన్ని నిలబెట్టే ఒప్పందాలు, దారులు, గిరాకీ ఇక్కడే తయారుకావాలి. 2025-26, 2026-27 సంవత్సరాలకు కేంద్రం పెట్టిన లక్ష్యాలు చిన్నవే కావచ్చు. ఆ తర్వాతివి అలా ఉంటాయన్న నమ్మకం లేదు. గడువు దగ్గరపడ్డాక హడావుడి పడేకంటే పరిశ్రమల శాఖ, ఐటీడీఏ, యాజమాన్యాలు, రైతు ప్రతినిధులు ఒకచోట కూర్చుని వచ్చే పత్తి సీజను లోపే ధర, బాధ్యతలు తేల్చుకోవడం మేలు. లేనిపక్షంలో క్రెడిట్ల కోసం కర్మాగారాలు వెచ్చించే సొమ్ము మరో రాష్ట్రంలో ముందే మేల్కొన్న కర్మాగారానికి చేరుతుంది. ఇక్కడి రైతుకు, కార్మికుడికి అందులో పైసా మిగలదు.